బడికి ఏది కొనిస్తే మేలు: గోడకు ప్యానెలా, గదికి కంప్యూటర్లా, పిల్లల చేతికి కార్డులా?

వేసవి వచ్చిందంటే మా పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్ల పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు మొదలవుతాయి. సన్మానాలు, ఫోటోలు, భోజనాలు అయ్యాక ఎవరో ఒకరు లేచి "మన బడికి ఏమన్న చేద్దాం" అంటారు. తలా కొంత వేసుకుంటారు. ఆ తర్వాత నాలాంటి ఫిజికల్ సైన్స్ టీచర్లకు ఫోన్లు వస్తాయి: "సార్, పెద్ద డిజిటల్ బోర్డు కొనియ్యాల్నా, కంప్యూటర్లు కొనియ్యాల్నా?" ఈ మధ్య మరీ ఎక్కువమంది అడుగుతున్నారు కాబట్టి, నేనేమనుకుంటున్నానో ఒకేచోట రాసి పెడుతున్నాను.

ముందు మీ బడికి వెళ్లి ఏముందో చూడండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల కోసం ప్రభుత్వమే చాలా హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు, అంటే తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ ప్యానెళ్లు ఇచ్చింది. మీ బడిలో ఉంటే ఇంకోటి కొనే పని లేదు. వైరింగు, ఇన్వర్టరు, ఇంటర్నెట్ సంగతి అడగండి. ఉన్న ప్యానెల్ రోజూ వెలగడానికి అవే కావాలి.

ప్యానెల్ మంచి వస్తువే, అందులో అనుమానం లేదు. గుండె గదుల్లో రక్తం ఎలా తిరుగుతుందో, చంద్రకళలు ఎలా మారతాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడం వేరు, కదిలేలా చూపడం వేరు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు తెర మీద చేసి చూసేలా తయారుచేసిన 'ఫెట్' ప్రయోగాలు ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. బ్యాటరీ, వైర్లు, బల్బులు కలిపి సర్క్యూట్ కట్టి చూపించవచ్చు. కాకపోతే 75 అంగుళాల ప్యానెల్ అంటే లక్ష రూపాయల పైమాటే. అంత పెట్టి కొన్నాక కూడా క్లాసులో యాభై మంది ఉంటే దాన్ని ముట్టుకునేది ఒకరిద్దరే. మిగతావాళ్లు చూస్తారు. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని గది అదిరిపోతుంది.

నన్ను అడిగితే, అసలు విషయం ఇక్కడే ఉంది. తెర జవాబు చూపించకముందే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన జవాబు ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఏ పరికరం ఆ పని చేయిస్తుందో అదే మేలు. తెర సైజు, కంపెనీ పేరు అన్నీ దాని తర్వాతే.

పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. ఒకేలాంటి మూడు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది? నోటితో అడిగితే ముందు బెంచీల్లో ఇద్దరు ముగ్గురు "మూడూ ఒకే తీరు సార్" అంటారు, అది సరైన జవాబే కాబట్టి పాఠం ముందుకు సాగిపోతుంది. అదే ప్రశ్న, ప్రతి ఒక్కరూ తన జవాబును పైకెత్తి చూపే కార్డులతో అడిగితే సగం క్లాసు మొదటి బల్బే అంటుంది. ఎందుకురా అంటే "ముందుగాల కరెంటు దానికే గద సార్ వచ్చేది, అది తినంగ మిగిలింది తర్వాతదానికి" అంటారు. ఒకమ్మాయి ఇంకో కారణం చెప్పింది: "మా ఇల్లు లైను చివర్ల ఉంటది సార్. మా ఇంట్ల బల్బు గుడ్డిగ వెలుగుతది." ఆమె చూసింది నిజమే. చివరి ఇంటికి వోల్టేజీ తగ్గుతుంది. కానీ అది లైను తీగల నిరోధం వల్ల. ఇళ్లన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి, శ్రేణిలో కాదు. ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలైంది. ఊళ్లో రోజూ చూసేదాన్ని పుస్తకంలోని సర్క్యూట్‌తో కలిపి మాట్లాడుకున్నాం. ప్యానెల్ మీద వీడియో ఆడించి ఉంటే ఆ అమ్మాయి మనసులో మాట బయటికి వచ్చేదే కాదు.

ఆ కార్డుల పేరు ప్లికర్స్. కాగితం మీద ముద్రించిన చదరపు గుర్తులు, పిల్లలు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. నాలుగు పక్కలా ఏ, బీ, సీ, డీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. తన జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. ఎవరి గుర్తు వాళ్లదే కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడానికి లేదు. టీచరు తన ఫోన్ కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో పేర్లతో సహా కనపడుతుంది. వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల కూడా జవాబు చెప్పేస్తుంది. ఖర్చు ప్రింటు, ఫోన్ డేటా, అంతే.

కంప్యూటర్ ల్యాబును తీసిపారేయను. వడోదరలో మున్సిపల్ బడుల నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, కంప్యూటరుకు ఇద్దరేసి చొప్పున లెక్కల ఆటలు ఆడించారు. మార్కులు స్పష్టంగా పెరిగాయి, ఏడాది గడిచాక మాత్రం ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. ఢిల్లీలో 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి అయ్యాక నాలుగున్నర నెలలు చేయించారు. ఎవరి స్థాయి నుంచి వారికి ప్రశ్నలు ఇచ్చింది, చిన్న చిన్న గుంపులకు మనిషి దగ్గరుండి చేసే సాయం కూడా తోడైంది, లెక్కల్లోనూ హిందీలోనూ ఫలితం వచ్చింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. మన దగ్గరా అంతే. పత్తి ఏరే రోజుల్లో బడి మానిన పిల్లలు, అమ్మానాన్నలతో వలసపోయి వచ్చిన పిల్లలు తొమ్మిదో తరగతిలో కూర్చుంటారు, భాగహారం రాదు. వాళ్లకు నా కార్డులు చాలవు. ఎవరి మెట్టు నుంచి వారిని ఎక్కించే కంప్యూటరే కావాలి. అయితే కంప్యూటరుకు ఇద్దరు దాటితే మౌస్ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది. సాయంత్రం ల్యాబు తెరిచి పిల్లల పక్కన కూర్చునే మనిషిని కూడా చూడాలి. డబ్బు మిగిలితే ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయికో అబ్బాయికో ఏడాది గౌరవ వేతనం ఇవ్వండి. ఆ మనిషి ఉంటే పాత కంప్యూటర్లు కూడా పనికొస్తాయి.

ట్యాబ్‌ల గురించి ఎక్కువ చెప్పను. పెరూలో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచి పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో మార్కులు కదల్లేదు. చార్జింగూ రిపేర్లూ అదనం. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ పాఠాలు 2020 సెప్టెంబరు నుంచి కరోనా కాలంలో ఎంత ఆదుకున్నాయో మనకు తెలుసు, ఇప్పుడు బడి తప్పిన పిల్లలు మళ్లీ చూసుకోవడానికి బాగుంటాయి.

నా మాట ఏమిటంటే: ప్యానెల్ ఉన్న బడికి కార్డులు ఇవ్వండి. ప్రశ్న ప్యానెల్ మీద, జవాబు పిల్లల చేతిలో. వెనకబడినవాళ్లు ఎక్కువ ఉన్న బడికి కంప్యూటర్లు, వాటితో పాటు ఒక మనిషి. ఏమీ లేని బడికైతే ముందు కార్డులే, ప్యానెల్ సంగతి వచ్చే బ్యాచ్ వాళ్లు చూసుకుంటారు. కార్డులను మందపాటి కాగితం మీద ముద్రించండి. మెరిసే లామినేషన్ మాత్రం చేయించవద్దు, ట్యూబ్‌లైటు వెలుగు పడితే ఫోన్ కెమెరా వాటిని చదవలేదు.