చైనా టిల్లరులో రాజ్‌కోట్ పిస్టను: రెండు పంటల తర్వాత

మా ఇంట్లో రెండు పవర్ టిల్లర్లు ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. రెండూ చైనావే. ఎస్195 నమూనా ఇంజను, 95 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 115 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), పైన ఇంజనును చల్లబరిచే నీళ్ల తొట్టి. మొగల్తూరు వైపు దిగబడే చేలలో దమ్ముకు, అంటే నాట్లకు ముందు నీళ్లలో బురద దున్నడానికి, వీటిని మించినవి లేవని ఇప్పటికీ అంటాను. నిరుడు కాలువలు కట్టేసే నాటికి రెండు ఇంజన్లూ లోపల అరిగి బోరుకు వచ్చాయి. నీలం పొగ, ఆయిలు ఖర్చు. హ్యాండిలు తిప్పితే చేతికి ఎదురుబరువే తగలడం లేదు.

పాలకొల్లులో సామాను అడిగితే కొట్టు కుర్రాడు రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. లైనరు (పిస్టను లోపల ఆడే గొట్టం), పిస్టను, రింగులు, పిన్ను, గాస్కెట్ అన్నీ కలిపి చైనా దిగుమతి సెట్టు 2,100 రూపాయలు, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌ది 2,900. "చైనా బండికి చైనా సామానే నప్పుతుంది బాబాయ్ గారూ" అన్నాడు. తమ్ముడు ఆ మాట విని దిగుమతిది కొన్నాడు. నేను రాజ్‌కోట్‌ది తీసుకున్నాను. డీజిల్ ఇంజన్లకు, పోత పనికి పేరున్న ఊరు కదా అని.

బిగించే ముందు మా మెకానిక్ ఒక్కో రింగును లైనరులో దించి, పిస్టనుతో సమంగా నొక్కి, రింగు రెండు కొసల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టి చూశాడు. 0.4 మిల్లీమీటరు దగ్గర ఉండాలని అతని లెక్క. రాజ్‌కోట్ రింగులన్నీ అటూ ఇటుగా అక్కడే నిలిచాయి. దిగుమతి సెట్టులో ఒకటి 0.35, పక్కది 0.6 దాటింది. ఒకే పెట్టెలో ఇంత తేడా ఏమిటో! పిస్టను నునుపు మాత్రం దిగుమతి దానిదే అందంగా ఉంది. లైనరు అడుగున నీళ్లు కారకుండా వేసే రబ్బరు రింగులు దానివి అట్టలా బిగుసుకుపోయి ఉన్నాయి. మా దగ్గర ఇది చిన్న సంగతి కాదు. తొట్టిలో నీళ్లు మరిగి ఇగిరిపోతే చేలో అందిన నీళ్లే పోస్తాం, బోరుబావి నీళ్లయితే ఉప్పు. పాత లైనర్ల వెలుపలి వైపు తుప్పు తిని గుంటలు పడి ఉన్నాయి.

అలాగని రాజ్‌కోట్ వాళ్లు బంగారమేమీ కాదు. లైనరు లోపల హోనింగ్ (సాన పట్టిన) పొడి అలాగే వదిలేశారు. మెకానిక్ సబ్బు నీళ్లతో కడిగి గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. హెడ్ గాస్కెట్ మరీ నాసి, సార్వా (ఖరీఫ్) దమ్ము సగంలోనే నీరు చెమర్చింది. పెట్టె మీద తయారీదారు చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి కనుక కొట్టువాడు మాట్లాడి వేరే గాస్కెట్ ఇప్పించాడు. దిగుమతి పెట్టె మీద చైనా పేరు ఉంది కానీ తెప్పించినవారి పేరూ లేదు, చిరునామా లేదు. చట్టం ప్రకారం రెండూ ఉండాలి.

దాళ్వాకు (రబీకి) ముందు తమ్ముడి ఇంజను మళ్లీ ఆయిలు తాగడం మొదలుపెట్టింది. విప్పితే లైనరు పై అంచున గోరు తగిలేంత మెట్టు. టిల్లరుకు ట్రక్కు కట్టి మట్టి తోలుతూ ఎయిర్ క్లీనరులో ఆయిలు మార్చని బద్ధకం వాడిది, ఆ అరుగుదలలో కొంత వాటా దానికీ ఉంది. కొట్టులో అడిగితే "బయటి సరుకు, మేమేం చేస్తాం" అన్నారు. నా బండి దాళ్వా దమ్ము కూడా ముగించింది, ఆయిలు మట్టం పెద్దగా దిగలేదు.

విదేశీ సామాను అంతా చెత్త అని నేను అనను. హోండా జీఎక్స్200 ఇంజనుకు నకలుగా వచ్చే చిన్న పెట్రోలు ఇంజను పంపుకు చైనా కార్బురేటరే వేయించాను, ధరకు తగ్గట్టు బాగానే నడుస్తోంది. చెడితే రెండు బోల్టులు విప్పి పారేయవచ్చు. లైనరు అలా కాదు, ఇంజను మొత్తం విప్పాలి. దమ్ము రోజుల్లో బండి ఆగితే కూలీలు గట్టు మీద కూర్చుంటారు.

2020 జూలైలో కేంద్రం పవర్ టిల్లర్లను, వాటి ఇంజను, గేర్‌బాక్సు వంటి భాగాలను పరిమిత దిగుమతుల జాబితాలోకి మార్చింది. అంతకు ముందు దిగిన బండ్లు మాత్రం ఇంకా చేలలో తిరుగుతూనే ఉన్నాయి, వాటికి సామాను కావాలి. దేశీ పెట్టెలో బయటి సరుకు పెట్టి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి పెట్టె చూసి ఊరుకోకండి. లైనరు అంచు మీద బ్యాచి నంబరు కొట్టి ఉందో లేదో చూడండి, రింగులు కొట్టు దగ్గరే దించి కొలిపించండి.

రాజ్‌కోట్ సెట్టుకు అయిదింటికి నాలుగు మార్కులు, దిగుమతి దానికి ఒకటిన్నర. తమ్ముడి బండికీ ఇప్పుడు రాజ్‌కోట్‌దే వేయించాం. హెడ్ గాస్కెట్ మాత్రం విడిగా కొన్నాం.