ప్రాణహిత ఇసుకలో మూడేళ్లు: ఒక రాడ్డు, ఒక రీలు

మహారాష్ట్రలోని మా సిరొంచ దగ్గర ప్రాణహితలో గాలం వేసేవారి రీళ్లు, అంటే రాడ్డుకు బిగించి దారం చుట్టే సాధనాలు, చాలావరకు ఇసుకతోనే చెడిపోతాయి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, సుమారు 113 కిలోమీటర్లు పారి, కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలిసే ఈ నదిలో ఎండాకాలం వచ్చేసరికి పాయ సన్నబడి, ఒడ్డు నుంచి నీటి దాకా మెత్తని ఇసుకలో చాలాదూరం నడవాల్సి వస్తుంది. ఎర గుచ్చడానికో, చేపను కొక్కెం నుంచి విడిపించడానికో రాడ్డును ఒక్క నిమిషం కింద పెట్టినా ఆ ఇసుక రీలులోకి చేరుతుంది. రీలు మన్నిక గురించి బయట దొరికే సలహాల్లో చాలా భాగం సముద్రపు ఉప్పును దృష్టిలో పెట్టుకుని చెప్పినవే కాబట్టి, మన నది కోసం కొనేటప్పుడు కొన్ని విషయాలను వేరుగా ఆలోచించుకోవాలి. మూడేళ్లుగా నేను వాడుతున్న జత షేక్‌స్పియర్ కంపెనీ వారి ‘అగ్లీ స్టిక్ జీఎక్స్2’ ఏడడుగుల రెండు ముక్కల స్పిన్నింగ్ రాడ్డు, పెన్ కంపెనీ వారి ‘బ్యాటిల్’ 4000 సైజు రీలు. ఈ జత ఇక్కడ ఎలా నిలిచిందో, ఏ భాగాలను చూసి దీన్ని ఎంచుకున్నానో రాస్తున్నాను.

దీనికి ముందు రెండు సెట్లు పోగొట్టుకున్నాను. మొదటిది 1,200 రూపాయలకు ఒక పట్టణంలోని దుకాణంలో కొన్న మడత రాడ్డు, అంటే ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాల రాడ్డు. దానితో పాటు ఇచ్చిన రీలు డబ్బా మీద పదమూడు బేరింగులని పెద్ద అక్షరాలతో ఉంది. మూడు వారాలకే రాడ్డు కీళ్లలో ఇసుక ఇరుక్కుని, ఒక గొట్టం బయటికి రాక, మరొకటి లోపలికి పోక మొరాయించింది. రెండో నెలలో, సాయంత్రం పూట పడిన ఒక మంచి వాలుగ పది నిమిషాలు లాగి దారం తెంపుకుని పోయింది. తెగిన కొసను ఇంటికి వచ్చాక దీపం దగ్గర పెట్టి చూస్తే, ఒకవైపు పొడవునా నూగులా లేచి ఉంది. రీలు మీద బెయిల్ తీగ (దారాన్ని పట్టి చుట్టే వంపు తీగ) చివర దారం తిరిగి వచ్చే చిన్న రోలరును వేలితో తిప్పబోతే అది కదలలేదు. దాని మీద గోటికి తగిలేంత గాడి పడింది. అంటే నెల రోజులుగా నా తంగూసు దారం తిరగని లోహం మీద రాసుకుంటూ అరుగుతున్నదన్నమాట.

ఆ రోలరు ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసింది. స్పిన్నింగ్ రీలు పనితీరును మన నేతవారు చటుక్కున పట్టుకుంటారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు తీసుకున్న స్థిర స్పూల్ (దారం చుట్టి ఉండే గొట్టం) రీలు సరిగ్గా కండెను పోలినది. కండె తిరగకుండానే నూలు దాని కొస మీదుగా ఊడివచ్చినట్టు, గాలం విసిరినప్పుడు స్పూల్ కదలకుండా దారం చివర నుంచి జారిపోతుంది. తిరిగి చుట్టేటప్పుడు బెయిల్ స్పూల్ చుట్టూ తిరుగుతూ దారాన్ని పేరుస్తుంది. దారం దిశ మారి మలుపు తిరిగేది ఆ రోలరు దగ్గరే కాబట్టి, చేప లాగుడు బరువంతా అక్కడే పడుతుంది. రోలరు తిరిగితే దారం బతుకుతుంది, తిరగకపోతే ఎంత ఖరీదైన దారమైనా నూగు లేస్తుంది. కాబట్టి దుకాణంలో రీలు చేతికి రాగానే నేను మొదట చేసే పని, చిన్న దారం ముక్కను రోలరు కిందుగా పోనిచ్చి రెండు కొసలూ బిగువుగా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగడం. దారంతో పాటు రోలరు తిరగాలి. ఈ ఒక్క పరీక్షకే చాలా రీళ్లు పక్కకు పోతాయి.

బేరింగుల లెక్క గురించి ఒక మాట. పిడి ఒక చుట్టు తిప్పితే బెయిల్ ఐదు చుట్లు, ఆరు చుట్లు తిరిగేలా లోపల పళ్లచక్రాలు ఉంటాయి. ఆ చక్రాలను మోసే డొక్క వంగేదైతే, చేప గట్టిగా లాగినప్పుడు పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక అరిగిపోతాయి. నాసిరకం బేరింగులు పదమూడు పెట్టినా ఆ వంపును ఆపలేవు, పైగా ఇసుక చేరడానికి పదమూడు చోట్లు ఏర్పడతాయి. గట్టి డొక్కలో నాణ్యమైనవి నాలుగైదు ఉంటే మంచినీటి చేపలకు ధారాళంగా సరిపోతాయి. బ్యాటిల్‌ను ఎంచుకోవడానికి నాకు మొదటి కారణం దాని డొక్క, పక్క మూత పూర్తిగా లోహంతో చేసినవి కావడం. పిడిని ఒక చేత్తో, స్పూల్‌ను ఒక చేత్తో పట్టుకుని మెలిపెట్టి చూస్తే ఆ గట్టితనం తెలుస్తుంది. ఇలాగే పిడిని వెనక్కి తిప్పబోయినప్పుడు ఎక్కడా సందు లేకుండా వెంటనే ఆగాలి. కొంచెం వెనక్కి జారి టక్కున ఆగే రీలు, వాలుగ ఒక్కసారి గుంజినప్పుడు ఆ దెబ్బ మొత్తాన్ని లోపలి పళ్ల మీదికి పంపుతుంది.

ఇక డ్రాగ్. చేప గుంజినప్పుడు స్పూల్ కొంత బిగువుతో తిరిగి దారం వదలడానికి స్పూల్ లోపల బిళ్లల ఏర్పాటు ఉంటుంది, దానినే డ్రాగ్ అంటారు. నా దృష్టిలో రీలుకు పెట్టే డబ్బులో సగం దీనికే పెట్టాలి. చవక రీళ్లలో ఫెల్టు బిళ్లలు ఉంటాయి. అవి తడిసినా, ఎక్కువ కాలం బిగించి ఉంచినా అణిగిపోయి, దారాన్ని సాఫీగా వదలకుండా కుదుపులతో వదులుతాయి. దారం తెగేది ఆ కుదుపుకే. బ్యాటిల్‌లో పెన్ వారు ‘హెచ్‌టీ-100’ అని పిలిచే కార్బన్ ఫైబర్ బిళ్లలు ఉన్నాయి. వేడిని బాగా తట్టుకునే ఈ బిళ్లల వల్ల డ్రాగ్ మొదటి గుంజుడుకూ పదో గుంజుడుకూ ఒకే తీరుగా వదులుతుంది.

డ్రాగ్ ఎంత బిగించాలన్నది చాలామంది చేత్తో లాగి అంచనా వేస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ని. మా ఇంట్లో చింతపండు తూచే స్ప్రింగు కాంటా ఉంది. ఒక రోజు రాడ్డుకు దారం ఎక్కించి, గైడ్లన్నిటి (రాడ్డు పొడవునా దారం దూరే వలయాల) గుండా పోనిచ్చి, కొసను కాంటా కొక్కేనికి కట్టి మా కాకను పట్టుకోమన్నాను. రాడ్డును బాగా వంచి లాగాను. నేను ‘సరిపోయింది’ అనుకున్న బిగువు కాంటా మీద నాలుగు కిలోలు దాటింది. నేను వాడుతున్నది పదిహేను పౌండ్ల దారం, అంటే 6.8 కిలోలకు తెగేది. ముడి దగ్గర దాని బలం ఇంకా తగ్గుతుంది. కాక నలభై ఏళ్లుగా వల వేసినవాడు. ఆయన కాంటా వైపు చూసి, ‘‘గింత బిగిస్తే వాలుగ ఊకుంటదారా? తెంపుకోని పోదూ!’’ అన్నాడు. దారం తెగే బరువులో పావు నుంచి మూడో వంతు వరకే డ్రాగ్ ఉంచాలన్నది గాలం వేసేవారిలో బాగా స్థిరపడిన లెక్క. ఆ ప్రకారం రెండు కిలోలకు తగ్గించాను. అప్పటి నుంచి డ్రాగ్ బిగువు వల్ల నా దారం తెగలేదు. వాలుగ నోటినిండా ఉండే సన్నని పళ్లకు దారం అరగకుండా కొక్కెం దగ్గర జానెడు ఉక్కుతీగ వేయడం మాత్రం తప్పదు.

రాడ్డు విషయానికి వస్తే, మడత రాడ్డు తర్వాత నేను కొన్నది పూర్తి కార్బన్ రాడ్డు. చేతిలో ఈకలా ఉండేది. అడుగున గులకరాయికి సీసం గుండు తగిలినా అరచేతికి తెలిసేది. ఒకసారి బండి మీద వస్తుండగా వేలాడుతున్న సీసం గుండు రాడ్డుకు కొట్టుకుని, బియ్యపు గింజంత చోట పై పూత లేచింది. దాన్ని నేను లెక్కచేయలేదు. నెల తర్వాత కిలోన్నర రవ్వ చేపను ఒడ్డుకు తెస్తుండగా సరిగ్గా అక్కడే పటుక్కున విరిగింది. దుకాణం ఆయన, ‘‘మీరే గట్టిగా లేపిన్రన్నా’’ అని మార్చి ఇవ్వలేదు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. చేప కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు రాడ్డును నిలువుకు మించి వెనక్కి వంచితే బరువంతా బలమైన మొదలును వదిలి సన్నని కొస మీదికి వెళుతుంది. అయినా ఆ దెబ్బ తగలకపోయి ఉంటే ఆ చేపకు అది విరగవలసినది కాదు. కార్బన్ గుణమే అది: వంపును మోస్తుంది, గాటును మాత్రం సహించదు.

ఫైబర్‌గ్లాస్ దీనికి పూర్తిగా భిన్నం. బరువెక్కువ, కదలిక మందం, కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. ఈ రెంటినీ కలిపి చేసిన అగ్లీ స్టిక్ 1976 నుంచి మార్కెట్లో ఉంది, గట్టితనానికే పేరు తెచ్చుకుంది. దీని కొసను పట్టి వంచితే దాదాపు సగం వరకు విల్లులా వంగి, వదలగానే నిదానంగా నిలబడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చినవి దీని గైడ్లు. మామూలుగా గైడు వలయంలో పింగాణీ వంటి గట్టి ఉంగరం పొదిగి ఉంటుంది. రాయికి తగిలి అది చిట్లితే, కంటికి కనిపించని ఆ పగులు విసిరిన ప్రతిసారీ దారాన్ని కోస్తుంది. జీఎక్స్2లో గైడు మొత్తం ఒకే స్టెయిన్‌లెస్ ఉక్కు ముక్క, ఊడడానికీ చిట్లడానికీ లోపల ఉంగరమే లేదు. మీ రాడ్డుకు ఉంగరాలుంటే నెలకోసారి దూది ముక్కను ప్రతి గైడులోనూ తిప్పి చూడండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టే.

ఈ జత అందరికీ తగినది కాదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా చెరువు గట్టున నడుస్తూ, ప్లాస్టిక్ కప్ప బొమ్మను వందసార్లు విసిరి కొర్రమీనును రెచ్చగొట్టేవారికి మణికట్టు నొప్పి పెడుతుంది. తూటికాడ, నాచు మధ్య నుంచి కొర్రమీనును ఒక్క ఊపులో బయటికి లాగాలంటే కొస గట్టిగా ఉండే కార్బన్ రాడ్డు, సాగని అల్లిక దారం, 2500 లేదా 3000 సైజు రీలు మంచివి. కార్బన్ రాడ్డు కొనేవారు ఒక సంగతి మరువకూడదు. కార్బన్‌లో కరెంటు ప్రవహిస్తుంది. కాలువల మీదుగా పోయే విద్యుత్ తీగల కింద దాన్ని ఎత్తవద్దు, రోహిణి కార్తె చివర్లో ఉరుములు మొదలైతే దాన్ని కింద పెట్టి ఒడ్డు నుంచి దూరంగా వెళ్లండి. కొత్తగా నేర్చుకునేవారు బ్యాటిల్ అంత డబ్బు పెట్టనక్కరలేదు. షిమానో వారి ‘సియెన్నా’ వంటి పేరున్న కంపెనీ ప్రారంభ స్థాయి రీలు తీసుకుని, మిగిలిన డబ్బు మంచి దారానికి పెడితే ఎక్కువ లాభం.

మా సిరొంచలో ఇలాంటి సామాను దొరకదు. మంచిర్యాలకో చంద్రపూర్‌కో వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. (చంద్రపూర్ దుకాణాల్లో మరాఠీలో ‘గళ్’ అని అడగాలి. మన గాలానికి అంత దగ్గరి మాట వినగానే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.) పార్శిల్‌లో వచ్చిన రాడ్డును, తెచ్చినవారు ఉండగానే విప్పి, రెండు ముక్కలూ కలిపి, కన్ను దగ్గర పెట్టి గైడ్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడాలి. బిల్లు భద్రపరచుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఆ రీలుకు బెయిల్ స్ప్రింగు, రోలరు, డ్రాగ్ బిళ్లలు విడిగా దొరుకుతాయో లేదో అడగాలి. పది రూపాయల స్ప్రింగు దొరకక మూలన పడిన రీళ్లు మా గల్లీలోనే మూడున్నాయి.

నిర్వహణకు నేను పెట్టే సమయం రోజుకు ఐదు నిమిషాలు. డ్రాగ్‌ను ముందు బిగించి, తడి గుడ్డతో ఇసుక తుడిచి, పలచగా మంచినీళ్లు చల్లి, ఆరాక డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేస్తాను. బకెట్‌లో ముంచడం గానీ, కుళాయి ధార కింద పెట్టడం గానీ చేయను, ఎందుకంటే ఆ ఒత్తిడికి ఇసుక లోపలికే పోతుంది. రోలరుకు వారానికి ఒక చుక్క నూనె. పిడి వెనక్కి తిరగకుండా ఆపే లోపలి బేరింగుకు మాత్రం గ్రీజు తగలనివ్వకూడదు, తగిలితే అది పట్టు వదిలి జారుతుంది. రాడ్డు ముక్కలు కలిసే చోట ముందు ఇసుక తుడిచి, కొవ్వొత్తి ముక్కతో ఒకసారి రుద్దితే ఇరుక్కోదు. విసిరాక బెయిల్‌ను పిడి తిప్పి కాకుండా చేత్తోనే మూస్తే స్ప్రింగూ మన్నుతుంది, దారం మెలికలూ తగ్గుతాయి.

ఈ మూడేళ్లలో దారం రెండుసార్లు మార్చాను. ఎండకు తంగూసు బలహీనపడుతుంది కాబట్టి అది ఎలాగూ తప్పని ఖర్చు. పిడి దగ్గరి మెత్త అరిగింది, రాడ్డు మీద ఇసుక గీతలు లెక్కలేనన్ని ఉన్నాయి. గత వైశాఖంలో రీలు పక్క మూత విప్పి చూశాను. గ్రీజు నల్లబడింది గానీ పళ్ల అంచులు కొత్తవాటిలాగే పదునుగా ఉన్నాయి. రోలరు మీద వేలు పెట్టి తోస్తే ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతున్నది. పాత గ్రీజు తుడిచి, కొత్తది పలచగా పూసి, మూత బిగించి, ఆ సాయంత్రమే మళ్లీ ఏటికి తీసుకెళ్లాను.