లారీ డ్రైవింగ్ స్కూల్లో చేరే ముందు అడగాల్సిన గంటల లెక్క

హెవీ డ్రైవింగ్ స్కూళ్ల కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొత్తం గంటల అంకె. దాన్ని విడగొట్టి చూడాలి. 40 గంటల శిక్షణ అని చెప్పి ఒకే బండిలో నలుగురిని ఎక్కిస్తే, ఒక్కొక్కరి చేతికి స్టీరింగ్ వచ్చేది 10 గంటలే. పక్కవాడి తప్పులు చూసి కొంత నేర్చుకోవచ్చు గానీ, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మన కాలికి తెలియదు. క్లాసు రూంలో ఎన్ని గంటలు, సిమ్యులేటర్ మీద ఎన్ని, యార్డులో ఎన్ని, రోడ్డు మీద స్టీరింగ్ మన చేతిలో ఎన్ని అన్నది విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడే చోట చేరొద్దు.

ఫీజు కట్టకముందే ఒక ఉదయం యార్డుకు వెళ్లి, బండి ఎలా తీస్తున్నారో చూడండి. మంచి శిక్షకుడు ఇంజిన్ స్టార్టవగానే కదలనివ్వడు. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి కాబట్టి, చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టించి, ట్యాంకుల్లో గాలి నిండేదాకా గేజీ చూపిస్తాడు. చాలా బళ్లలో 8 బార్ (గాలి ఒత్తిడి కొలత) అటూ ఇటూగా కంప్రెసర్ నింపడం ఆపుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ తొక్కిపట్టి ఒక నిమిషం ముల్లు చూడాలి. మొదట కాస్త పడి నిలబడితే సరే, జారుతూనే ఉంటే ఎక్కడో లీకుంది. తర్వాత తాళం ఆన్‌లో ఉంచి పెడల్ తొక్కుతూ వదులుతూ పోతే, సుమారు 4 బార్ దగ్గర హెచ్చరిక బజర్ మోగాలి. అంతకన్నా బాగా తగ్గితే గాలి లేనప్పుడు స్ప్రింగు బలంతో పట్టే స్ప్రింగ్ బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసే స్కూలు ఏసీ గదులు ఎన్ని కట్టినా మేము సిఫార్సు చేయం.

ఎక్కువ స్కూళ్లలో కనిపించే పెద్ద లోపం, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఖాళీ బండి మీదే నేర్పడం. ఖాళీ బండి తేలిగ్గా లేస్తుంది, తేలిగ్గా ఆగుతుంది. లోడు బండి పల్లంలో దిగేటప్పుడు పెడల్ మీదే కాలుంచితే బ్రేకు డ్రమ్ములు కాగి, వాటిని ఒరుసుకుని ఆపే లైనర్లు పట్టు వదిలేస్తాయి. అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. సగం దిగాక చిన్న గేరు వేయబోతే అది పడక, బండి న్యూట్రల్‌లో ఉండిపోవచ్చు. గేరు తగ్గించడం, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగ దారి మూసి వేగం తగ్గించేది) వేయడం పల్లం మొదలవకముందే జరగాలి. ఈ అలవాటు లోడుతోనే వస్తుంది. "లోడు బండి మీద ఎన్ని గంటలు?" అని తప్పకుండా అడగండి.

ట్రైలర్ రివర్స్ దగ్గర స్కూలు తెలివి బయటపడుతుంది. "మూడో కోన్ అద్దంలో కనబడగానే ఒక చుట్టు తిప్పు" అని గుర్తులు బట్టీ పట్టిస్తే, ఆ యార్డులో పరీక్ష పాసవుతారు, వేరే గోడౌన్ గేటు ముందు చేతులెత్తేస్తారు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ వెనక భాగం ఎడమకు పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువ తిప్పి, ఆలస్యంగా సరిచేసి, బండిని మడతపెట్టేస్తారు. కొంచెమే తిప్పడం, అద్దాలు రెండూ చూడటం, అనుమానమొస్తే దిగి చూడటం నేర్పాలి. కోన్లు చోటు మార్చి చేయిస్తున్నారా, డ్రైవరుకు కనబడని వైపుకీ చేయిస్తున్నారా అన్నది గమనించండి. ట్రైలర్ తగిలించాక టార్చి వేసి కింగ్ పిన్ (ట్రైలర్ కింద ఉండే, లారీకి తగిలే ఇనుప పిన్ను) చుట్టూ లారీ కొక్కెం దవడలు మూసుకున్నాయో లేదో చూపించి, చిన్న గేరులో ముందుకు లాగి పరీక్షిస్తే ఆ శిక్షకుడికి పని తెలుసు.

ఆటోమేటిక్ గేరు బండి మీదే పరీక్ష పెట్టే స్కూలైతే ఒక్క జాగ్రత్త: కొన్ని దేశాల్లో అలా పాసైన వారికి మాన్యువల్ బండి నడిపే అనుమతి రాదు.

ఉద్యోగం గ్యారంటీ అంటే కంపెనీల పేర్లు అడిగి, ఆ కంపెనీలనే నేరుగా విచారించండి. ఫీజు కంపెనీ కడుతుందంటే, ఎన్ని నెలలు పనిచేయాలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో ఒప్పందంలో చదవాలి. పరీక్ష తప్పితే మళ్లీ బండి ఇస్తారా, దానికి వేరే రుసుమా అన్నది కూడా అందులోనే రాసి ఉండాలి.