ఒక్క ఐపీ మీద వెబ్బూ మెయిలూ: ఓపీఎన్‌సెన్స్ ఎలా నెట్టుకొస్తోంది

మాది నాపరాళ్ల వ్యాపారం. పాలిషింగ్ యూనిట్ ఎర్రగుంట్ల దగ్గర ఉంది, లెక్కలూ కంప్యూటర్లూ కడప ఆఫీసులో. నెట్ లైన్‌కు ఉన్నది ఒకటే స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ అడ్రసు. దాని వెనకాల రెండు సర్వర్లు: ఒకదాంట్లో బండల ఫొటోలు చూపే వెబ్‌సైట్, ఇంకోదాంట్లో మెయిల్. బయటి నుంచి వచ్చేవాటిలో ఏది ఎటు పోవాలో చూసే పని 2021 నుంచి ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పాను. మూలపడ్డ డెస్క్‌టాప్‌కు ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు బిగించి, అందులో వేశాను. బోర్డు మీదే వచ్చే రియల్‌టెక్ పోర్టుతో సరిపెట్టుకుందామనుకునేవాళ్లు ఆగండి, ఇది నడిచే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఆ చిప్‌కూ అంతగా పొసగదు.

మామూలు పంపకం సులువే. ఒకే ఐపీకి నంబర్లున్న తలుపుల్లాంటివి పోర్టులు. 80, 443 పోర్టులు వెబ్ సర్వర్‌కు. 25 (బయటి మెయిల్ అందుకోవడానికి), 587 (మనవాళ్లు పంపడానికి), 993 (చదవడానికి) మెయిల్ సర్వర్‌కు. ఏ పోర్టుకు వచ్చింది ఏ సర్వర్‌కు పోవాలో రాసే పోర్ట్ ఫార్వర్డ్ పేజీలో కూర్చుంటే టీ చల్లారేలోపు అయిపోతుంది. ఈ మాత్రం పని మామూలు రౌటర్ కూడా చేస్తుంది. తేడా తెలిసేది ఆ తర్వాతే.

వెబ్‌మెయిల్ (బ్రౌజర్‌లో మెయిల్ చూసే పేజీ) కూడా 443 మీదే కావాలి, కానీ అది ఉన్నది మెయిల్ సర్వర్‌లో. ఒకే పోర్టును రెండు చోట్లకు ఫార్వర్డ్ చేయడం కుదరదు. అందుకే హెచ్‌ఏప్రాక్సీ ప్లగిన్ వేశాను, ఇది మధ్యలో నిలబడి కనెక్షన్లను అందుకుని సర్వర్లకు అందించే ప్రాక్సీ. బ్రౌజర్ కనెక్ట్ అయ్యేటప్పుడే ఏ పేరు కావాలో చెబుతుంది కాబట్టి, పేరు చూసి అటో ఇటో తోసేస్తుంది. పని చక్కగా చేస్తుంది గానీ, దాని సెట్టింగుల పేజీలు మాత్రం మహా చిరాకు. సర్వర్ ఒకచోట, పూల్ ఒకచోట, కండిషన్ ఇంకోచోట, దానికి రూల్ మరోచోట, అన్నిటినీ కలిపే పబ్లిక్ సర్వీస్ వేరే చోట. ఇన్నేళ్లయినా కొత్త పేరు చేర్చాలంటే పాత దాన్ని పక్కన తెరిచి పెట్టుకునే చేస్తాను. ఇంకోటి, ఓపీఎన్‌సెన్స్ సొంత అడ్మిన్ పేజీ కూడా 443 మీదే కూర్చుని ఉంటుంది. ముందు దాన్ని వేరే పోర్టుకు మార్చాలి.

మెయిల్‌ను మాత్రం ప్రాక్సీ గుండా పంపకండి. మొదటి కారణం, 25 మీద పేరు చూసి విడదీయడం సాధ్యం కాదు. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిలో ముందు మాట్లాడేది సర్వరే. 220 అని పలకరిస్తుంది. ఉత్తరం ఏ డొమైన్‌కో అవతలివాడు చెప్పేది ఆ తర్వాత. అప్పటికే కనెక్షన్ ఒక సర్వర్‌కు చేరిపోయి ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. మధ్యలో ప్రాక్సీ ఉంటే, ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప, ప్రతి మెయిలూ ఫైర్‌వాల్ ఐపీ నుంచే వచ్చినట్టు సర్వర్‌కు కనిపిస్తుంది. స్పామ్ లిస్టుల తనిఖీ పనికిరాదు, ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ మెయిల్ పంపడానికి ఏ ఐపీలకు అనుమతి ఉందో చెప్పే జాబితా) తనిఖీ పనికిరాదు. లోపలి నెట్‌వర్క్‌ను నమ్మమని మెయిల్ సర్వర్‌కు చెప్పి ఉంటే ఊళ్లో స్పామర్లందరికీ తలుపు తీసినట్టే. నేరుగా ఫార్వర్డ్ చేస్తే అసలు ఐపీ అలాగే అందుతుంది.

సర్టిఫికెట్ల దగ్గర ఒక మెలిక ఉంది. సైట్ గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మామూలుగా 90 రోజులకు ఇస్తుంది, ఆ పేరు మనదేనా అన్న పరీక్ష మామూలుగా 80 మీద చేస్తుంది. 80 పోయేది వెబ్ సర్వర్‌కు కదా, మెయిల్ సర్వర్ తన సర్టిఫికెట్‌ను తనే రెన్యూ చేసుకోలేదు. 80ని కూడా హెచ్‌ఏప్రాక్సీ చేతికిచ్చి, మెయిల్ పేరుతో వచ్చే ఆ పరీక్షను మెయిల్ సర్వర్‌కు మళ్లించే రూల్ పెట్టాను. అప్పటి నుంచి దాని జోలికి పోలేదు.

ఆఫీసు లోపలి నుంచి మన సైట్ పేరే కొడితే ఏమవుతుందన్నది చాలామంది చూడరు. పాత రౌటర్ రోజుల్లో మా అకౌంటెంట్, "అన్నా, మన సైట్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతాంది, ఏందో చూడన్నా" అని పిలిచేవాడు. తెరిచి చూస్తే రౌటర్ లాగిన్ పేజీ! పబ్లిక్ ఐపీకి లోపలి నుంచి వెళ్తే రౌటర్ తననే పిలిచారనుకునేది. ఓపీఎన్‌సెన్స్‌లో దీనికి నాట్ రిఫ్లెక్షన్ (లోపలి నుంచి పబ్లిక్ ఐపీకి వచ్చినవాటిని తిప్పి సర్వర్‌కే పంపే సెట్టింగ్) ఉంది గానీ, నేను పేర్లను ఐపీలుగా మార్చే అన్‌బౌండ్ డీఎన్‌ఎస్‌లో ఆ పేర్లకు లోపలి ఐపీలే రాసిపెట్టాను. అదే మేలు.

రెండో లైన్ ఉన్నవాళ్లు ఇది చూసుకోవాలి. మెయిన్ లైన్ పోగానే మెయిల్ బ్యాకప్ లైన్ నుంచి వెళ్లిందంటే, ఆ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే నమోదు) ఉండదు, ఎస్‌పీఎఫ్‌లోనూ ఉండదు. రివర్స్ డీఎన్‌ఎస్ సరిగా ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి గట్టిగా అడుగుతోంది. అందుకే మెయిల్ సర్వర్‌ను మెయిన్ గేట్‌వేకే, అంటే మెయిన్ లైన్ దారికే, ఒక ఫైర్‌వాల్ రూల్‌తో కట్టేశాను. అయితే ఆ గేట్‌వే పడిపోతే, డిఫాల్ట్‌గా ఓపీఎన్‌సెన్స్ ఆ రూల్‌లో గేట్‌వేను వదిలేసి ఉన్న దారిన పంపేస్తుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, గేట్‌వే లేనప్పుడు రూల్‌నే పక్కన పెట్టే టిక్కు ఒకటుంది. అది పెట్టి, కింద ఒక బ్లాక్ రూల్ రాస్తే సరి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 5 రోజుల వరకు మెయిల్‌ను క్యూలో ఉంచుకుంటుంది, లైన్ వచ్చాక అదే పోతుంది. టెన్షన్ లేదు.

రెండు సర్వర్లనూ విడివిడి నెట్‌వర్క్‌లలో పెట్టడం వల్ల ఇంకో లాభం. వెబ్ సర్వర్ నుంచి మెయిల్ సర్వర్‌కు 587 ఒక్కటే వదిలాను, ఎంక్వైరీ ఫారమ్ కోసం. సైట్‌లో ప్లగిన్ ఏదైనా గబ్బు పట్టినా మెయిల్ పెట్టెల దాకా రావడం అంత తేలిక కాదు. లాగ్ లైవ్ వ్యూలో మెయిల్ సర్వర్ ఐపీ ఫిల్టర్ పెట్టి కూర్చుంటే, ఎక్కడెక్కడివో ఐపీలు 25 తలుపు తడుతుండటం వరసగా కదులుతూ కనిపిస్తుంది. నాకు టీవీ కంటే అదే కాలక్షేపం.

మా ఎండలకు, మా కరెంటు కోతలకు తట్టుకుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి. యూపీఎస్ చేతులెత్తేసినా ఫైల్ సిస్టమ్ పాడై కూర్చోలేదు. సెట్టింగులన్నీ ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి, డబ్బా పోయినా ఇంకో పీసీలో ఎక్కించి, నెట్‌వర్క్ పోర్టుల పేర్లు సరిచేస్తే చాలు. పెద్ద వెర్షన్లు ఏడాదికి రెండు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. వచ్చిన వెంటనే నేను ముట్టుకోను, మొదటి ప్యాచ్‌లు పడ్డాక ఆదివారం చూసి వేస్తాను.