బ్రాడీపేటలో టిండ్లీ పాటల కీబోర్డ్ క్లాసు: కుడిచేతికి మంచి మార్కులు, రిథమ్‌కు కాదు

చర్చి కీబోర్డిస్టుల కోసం గుంటూరు బ్రాడీపేటలో నడుస్తున్న ఈ వారాంతపు క్లాసుకు అమెరికా నల్లజాతి పాస్టరు, భక్తిగీతాల రచయిత చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ పాటలే సిలబస్. ఎంపిక బాగుంది. ‘స్టాండ్ బై మీ’ (1905నాటిది, బెన్ ఇ. కింగ్ పాడింది కాదు), ‘లీవ్ ఇట్ దేర్’ (1916) మూడు కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) వస్తే చాలు, వాయించేయొచ్చు. ఆ తీరు పట్టుకోవడమే కష్టం.

కుడిచేతి పాఠం కోసమైనా వెళ్లొచ్చు. టిండ్లీ బాణీలు చాలావరకు అయిదు స్వరాల మీదే మొగ్గుతాయి. దాన్ని మోహన రాగంతో మొదలుపెట్టారు కాబట్టి మనవాళ్ల వేళ్లకు త్వరగా అందుతుంది: సి మేజర్‌లో సి, డి, ఇ, జి, ఎ. అయితే రాగంలో మధ్యమం (ఎఫ్) లేదు కదా అని కొందరు ఎడమచేతిలో ఎఫ్ కార్డు మానేస్తున్నారు. అది ఉండాల్సిందే, లేకపోతే పాట ఎక్కడా కదలదు. గాంధారాన్ని (ఇ) గమకంలా ఊపడం ఇంకో తప్పు. ఇ-ఫ్లాట్ నల్లమెట్టును అలా తాకి వెంటనే ఇ మీదకు జారాలి. నల్లమెట్టు మీద వేలు ఆగిందా, మైనర్ పాటలా ఏడుపు మొదలవుతుంది.

రిథమ్ దగ్గర మాత్రం క్లాసు తేలిపోయింది. మొదటి రోజునుంచే స్టైల్ (కీబోర్డ్ తనంతట తాను వాయించే తాళం) ఆన్ చేయిస్తున్నారు. లైను చివర ఖాళీ ఉన్నది సంఘం అందుకోవడానికి, ఒక ‘హల్లెలూయ’ పడడానికి. ఆటో డ్రమ్స్ అక్కడ ఫిల్ (ఖాళీని నింపే దరువు) కొట్టేస్తే ఆ జాగా పోయినట్టే. స్టైల్ ఆపి, మెట్రోనోమ్ నిమిషానికి 66 దెబ్బల దగ్గర పెట్టుకుని సాధన చేయడం మేలు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడమంటున్నారు, పర్లేదు. పాటయ్యాక సున్నాకు తేవడం మరిస్తే మాత్రం తర్వాతి పాటలో గిటార్ ఒక శ్రుతి, కీబోర్డ్ ఒక శ్రుతి.

క్లాసులో ఇచ్చే టిండ్లీ జీవిత చరిత్ర కాగితాన్ని దిద్దాలి. టిండ్లీ బానిసగా పుట్టారని రాశారు. 1851లో మేరీల్యాండ్‌లోని బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి బానిసే, తల్లి కాదు. అక్కడి చట్టంలో బిడ్డది తల్లి స్థితే. ‘ఐల్ ఓవర్‌కమ్ సమ్‌డే’ పాటే అమెరికా పౌరహక్కుల ఉద్యమ గీతం ‘వి షల్ ఓవర్‌కమ్’ అయిందని తేల్చేయడమూ తొందరపాటే. రెండింటి బాణీలు వేరు, సంబంధం మీద ఇంకా వాదనలున్నాయి. ఫిలడెల్ఫియాలో తాను పనివాడిగా ఊడ్చి తుడిచిన చర్చికే 1902లో పాస్టరై వచ్చారన్న అసలు విషయం మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టారు.

ఆయన 1933లో చనిపోయారు కాబట్టి ఈ మూల పాటలను తెలుగులోకి మార్చుకోవడానికి కాపీరైట్ అడ్డు లేదు. కొత్తవాళ్లు చేసిన అరేంజ్‌మెంట్ వాడితేనే అనుమతి కావాలి.

స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ అక్కడ ఒక్కటే ఉంది, మీది పట్టుకెళ్లండి.