గోల్ఫ్ కోర్సులో గ్రీన్స్‌కి బెజ్జాలు పొడిచి, ఆ మాట దాచి టీ టైమ్ అమ్మారు. డల్లాస్ వైపు వాళ్ళు జాగ్రత్త

నిన్న బుధవారం, సాయంత్రం ఐదింటి టీ టైమ్, అంటే ఆట మొదలెట్టే స్లాట్. సిటీవాళ్ళ గోల్ఫ్ కోర్సే, శనాదివారాలు మనవాళ్ళతో నిండిపోయేది. పేరు రాయను, మీకే తెలుస్తుంది. యాప్‌లో కార్ట్‌తో కలిపి మనిషికి 29 డాలర్లు, నలుగురికీ ముందే కట్టేశాం. ఆ టైమ్‌కి అక్కడ మామూలుగా 45 ఉంటుంది. ఎందుకు తగ్గిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండాల్సింది.

మొదటి గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ఎక్కగానే బూట్ల కింద కరకరమంది. అంతా ఇసుక. చేత్తో పక్కకి తోస్తే కింద జల్లెడే: అర అంగుళం బెజ్జాలు, రెండేసి అంగుళాల దూరంలో. అంటే చదరపు అడుగుకి 36. ఆరడుగుల పట్ (గుంటవైపు బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ) కొడితే బంతి సగం దూరం తిన్నగానే వెళ్ళింది. వేగం తగ్గాక ఒక బెజ్జం అంచుకి తగిలి గెంతి, ఇంకోదాంట్లో కూర్చుంది.

వెంటనే కార్ట్ తిప్పుకుని ప్రో షాపుకి వెళ్ళాం. అరగంట ముందు మా బుకింగ్ చూసి కార్ట్ తాళాలు చేతికిచ్చిన మనిషే కౌంటర్లో ఉన్నాడు. "అవును, సోమ, మంగళవారాల్లో ఏరేషన్ చేశాం" అన్నాడు. ఏరేషన్ అంటే ఈ బెజ్జాలు పొడవడమే. మరి మాకెందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదుగా" అన్నాడు. తల కూడా ఎత్తలేదు, స్కోర్ కార్డులు సర్దుకుంటూనే ఉన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. డబ్బు సంగతి యాప్‌వాళ్ళని అడగమన్నాడు, వాళ్ళేమో కోర్సువాళ్ళని అడగమన్నారు. కనీసం రెయిన్ చెక్ (ఇంకోరోజు వచ్చి ఆడుకునే చీటీ) ఇవ్వమంటే అది వాన పడితేనేనట.

ఏరేషన్ చేయడం తప్పని నేననను. మనలాంటి జనం రోజంతా తొక్కే గ్రీన్‌లో మట్టి గట్టిపడి, వేళ్ళకి గాలీ నీరూ అందవు. గడ్డి అడుగున చచ్చిన పీచు మందంగా పేరుకుంటుంది. అందుకే గొట్టాల్లాంటి టైన్‌లతో మట్టి కడ్డీలు పెరికి, ఆ బెజ్జాలని ఇసుకతో నింపుతారు. ఇక్కడి బెర్ముడా గడ్డి ఎండల్లోనే జోరుగా పెరుగుతుంది కాబట్టి ఆ పని వేసవిలోనే చేయాలి. చవక కోర్సుకి తొక్కుడు ఎక్కువ, అక్కడ ఇది ఇంకా అవసరం. చేయండి. కానీ చేశామని బుకింగ్ పేజీలో ఒక్క ముక్క రాయండి. ఆ రేటు ఎందుకు తగ్గిందో చెప్తే, ఇష్టమున్నవాళ్ళు తెలిసే వచ్చి ఆడుకుంటారు.

అర అంగుళం బోలు టైన్ పొడిస్తే గ్రీన్ మళ్ళీ నున్నగా అవడానికి రెండు వారాల పైనే పట్టొచ్చు. పావు అంగుళం గట్టి (లోపల బోలు లేని) టైన్ అయితే వారంలోపే చాలావరకు పూడిపోతుంది. అందుకని ఫోన్‌లో "ఏరేషన్ చేశారా" అని అడిగి వదిలేయకండి. ఏ రోజు చేశారు, ఏ సైజు టైన్ వాడారు అని కూడా అడగండి.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) కోసం స్కోర్ ఎక్కించేవాళ్ళకి ఇంకో తంటా. గ్రీన్ మీది ఇసుకని తుడుచుకోవచ్చు, పెనాల్టీ లేదు. కానీ గోల్ఫ్ రూల్స్‌లో 13.1సి ప్రకారం ఏరేషన్ బెజ్జాలని సరిచేయకూడదు. పిచ్ మార్కులాగా (బంతి పడి అయిన గుంటలాగా) పూడ్చేస్తే కుదరదు. బంతి బెజ్జంలో కూర్చున్నా, కోర్సువాళ్ళు లోకల్ రూల్ పెడితే తప్ప ఉచితంగా రిలీఫ్, అంటే పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే వీలు, లేదు. ఆ రూల్ ఉన్నా, పట్ వెళ్ళే దారిలో బెజ్జాలున్నాయంటే దానికి వర్తించదు.

నా పొరపాటు ఏంటంటే, ప్రాక్టీస్ గ్రీన్ పక్కనించే నడిచి వెళ్ళాను, వంగి చూడలేదు. సాధారణంగా దాన్నీ మిగతావాటితో పాటే పొడుస్తారు. కౌంటర్లో పేరు చెప్పేముందే వెళ్ళి చేత్తో తడిమి చూడండి. ఒకసారి మొదటి బంతి కొట్టాక ఇక మన మాట వినేవాడు ఉండడు. వేసవిలో బుధ, గురువారాల్లో రేటు ఉన్నట్టుండి పడితే, ముందు ఆ కోర్సు సొంత సైట్‌లో క్యాలెండర్ చూడండి. ఈ ఏరేషన్ విషయం అక్కడ ఒక మూల ఉంది, యాప్‌లోనే లేదు.

ఏ కోర్సో పోల్చుకున్నవాళ్ళు, వచ్చే రెండు వారాల్లో అక్కడ బుకింగ్ ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేసుకోండి.