ఎటిమోటిక్ ఈఆర్20ఎక్స్‌ఎస్ ఇయర్‌ప్లగ్‌లు: టెక్నో రాత్రికి పనికొస్తాయా?

పనికొస్తాయి. ఇవి క్లబ్‌లో టెక్నో (డ్రమ్ మెషీన్ దరువు మీద నడిచే డ్యాన్స్ సంగీతం) హోరు నుంచి చెవిని కాపాడేందుకు ఎటిమోటిక్ కంపెనీ చేసిన ప్లగ్‌లు. షరతు ఒక్కటే: చెవిలో పూర్తిగా దిగాలి. "పెట్టుకున్నా బాస్ అలాగే దంచింది, పైగా పాటంతా దుప్పటి కప్పినట్టు వినిపించింది" అని ఎవరైనా అంటే అనుమానించాల్సింది ప్లగ్‌ని కాదు, పెట్టుకున్న తీరుని. ఏ మూలో సందు మిగిలితే ముందుగా దూరేది బాసే. పై శబ్దాలేమో అడ్డు తగిలి నలిగిపోతాయి. అప్పుడు చెవికి రక్షణా దక్కదు, పాటా దక్కదు.

చూడ్డానికి చిన్న సరుకే. మెత్తని టిప్ మీద మూడు అంచెల గొడుగులు, వెనక ఫిల్టర్, పట్టుకుని లాగడానికి చిన్న తోక. యంత్రాల రొదకి మామూలు ఫోమ్ ప్లగ్ చాలు. డ్యాన్స్ ఫ్లోర్ మీద అది ఎందుకు నప్పదంటే, మన చెవి గొట్టం 2,700 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని సహజంగానే కొంత పెంచి వినిపిస్తుంది. గొట్టం మూస్తే ఆ పెంపు పోతుంది. దానికి తోడు ఫోమ్ పై శబ్దాలనే ఎక్కువ మింగుతుంది. గొంతులు, హై-హ్యాట్లు (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) ముద్దయిపోయేది అందుకే. ఈ ఫిల్టర్‌ని పోయిన ఆ పెంపును తిరిగి కలిపేలా ట్యూన్ చేశారు. కిక్ డ్రమ్, బాస్‌లైన్, గొంతు, తాళాలు అన్నీ దాదాపు ఒకే కొలతలో, సుమారు 20 డెసిబెల్స్ దిగుతాయి. మిక్సర్ మీద మాస్టర్ నాబ్ తగ్గించినట్టే ఉంటుంది. నిక్కచ్చిగా వినేవాళ్లకి 909 డ్రమ్ మెషీన్ హై-హ్యాట్‌లోని గరుకు కాస్త నున్నబడినట్టు తెలుస్తుంది. డీజే ఒక ట్రాకు బాస్ కోసి రెండోదాని బాస్ ఎక్కించే క్షణం మాత్రం ఎక్కడా మసకబారదు.

పెట్టె మీద 20 కనిపించదు, ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దం ఎంత తగ్గుతుందో చెప్పే రేటింగ్) 13 అని ఉంటుంది. మోసమేమీ లేదు. ల్యాబ్‌లో పలువురి చెవుల్లో కొలిచి, ఆ సగటులోంచి ప్రామాణిక విచలనాన్ని (మనిషికీ మనిషికీ కొలత ఎంత మారిందో చెప్పే అంకెని) రెండింతలు చేసి తీసేస్తే వచ్చే జాగ్రత్త అంకె అది. చక్కగా అమరినవాళ్లకి 20 వస్తుంది, అరకొరగా దోపుకున్నవాళ్లకి 13 కూడా రాకపోవచ్చు.

ఈ ఏడు డెసిబెల్స్ తేడా చిన్నది కాదు. పనిస్థలాల కోసం అమెరికా సంస్థ నియాష్ వేసిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. (సంగీత వేదికల్లో 15 నిమిషాల సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అంటే ఆ ప్రమాణం పాటించే క్లబ్‌లోనూ ప్లగ్ అవసరమే.) ఫ్లోర్ మీద 103 ఉందనుకుందాం. 20 తగ్గితే చెవికి చేరేది 83, తెల్లారేదాకా ఆడొచ్చు. 13 మాత్రమే తగ్గితే 90, రెండున్నర గంటల్లో కోటా పూర్తి. ఏమీ లేకుండా అయితే ఏడున్నర నిమిషాలు. "ఈ ఒక్క డ్రాప్ వరకు తీసేసి అసలు పవర్ విందాం" అనే సరదా (డ్రాప్ అంటే ఆగిన బాస్ ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం) ఖరీదు ఇదే: ఒక్క ట్రాకుకే రోజు కోటా ఖర్చయిపోతుంది.

మీరు క్లబ్ లోపలికి వెళ్లకముందే, బయట నిశ్శబ్దంగా ఉన్నచోట ప్లగ్‌లు పెట్టుకోండి. టిప్ కొసను కొద్దిగా తడపండి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవి పైఅంచును పైకీ వెనక్కీ లాగండి, గొట్టం తిన్ననవుతుంది. కుడి చేత్తో ప్లగ్‌ని మెల్లగా తిప్పుతూ లోపలికి తోయండి. ఇప్పుడు నోరు మూసుకుని కూనిరాగం తీయండి. మీ గొంతు మీకే బానలోంచి వచ్చినట్టు గుమ్మని మోగితే సీల్ కుదిరినట్టు. ఒక చెవిలోనే మోగితే రెండోది మళ్లీ పెట్టాలి. మూడో గొడుగు ఎంతకీ దిగకపోతే బలప్రయోగం వద్దు, మీ చెవికి ఆ సైజు కాదు. స్టాండర్డ్, లార్జ్, ఫోమ్ టిప్‌లు మూడూ కలిపి వచ్చే యూనివర్సల్ ప్యాక్ కొనమనేది ఇందుకే. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలనే నియమమూ లేదు.

ఫ్లోర్ మీద సీల్‌ని చెడగొట్టేది దవడే. చూయింగ్ గమ్ నమిలినా, పాటతో పాటు అరిచినా గొట్టం ఆకారం మారుతూ ప్లగ్ బయటికి జరుగుతుంది. చెమట కూడా జారుస్తుంది. గంటకోసారి వేలితో నొక్కి చూసుకోవాలి. స్నేహితులతో మాట్లాడాలంటే ప్లగ్ తీయకండి, వాళ్లని చెవి దగ్గరికి వచ్చి మామూలు గొంతుతో చెప్పమనండి. మీకేమో మీ గొంతు పెద్దగా వినిపిస్తుంది కాబట్టి తెలియకుండానే గొణుగుతారు, కొంచెం గట్టిగా మాట్లాడాలి. రెండు ప్లగ్‌లనీ కలిపే మెడతాడు విషయంలో మాకు రెండు మనసులు. చీకట్లో ప్లగ్ కింద పడితే ఇక దొరకదు, తాడుంటే ఆ భయం లేదు. కానీ అది చొక్కాకి రాసుకున్న ప్రతిసారీ చెవిలో బరబరమంటుంది.

ఛాతీలో కిక్ తగలదేమోనన్న భయం అక్కర్లేదు. 40-60 హెర్ట్జ్ సబ్ (అట్టడుగు బాస్) ఒంటికీ కాళ్లకీ తగిలేదే, దాన్ని ఏ ప్లగ్గూ ఆపదు. స్పీకర్‌కి ఆనుకుని మాత్రం నిలబడొద్దు. రెండు స్పీకర్ స్టాక్‌లకీ సమాన దూరంలో ఫ్లోర్ నడిమికి వస్తే శబ్దమూ తగ్గుతుంది, స్టీరియో కూడా సరిగ్గా కుదురుతుంది. మూలల్లో, గోడల పక్కన బాస్ ఉబ్బి గుయ్యిమంటుంది.

పాత ఈఆర్20కి బయటికి పొడుచుకొచ్చే కాడ ఉండేది. ఇది చెవిలోనే ఒదిగిపోతుంది, మీద హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. అలాగని వారం వారం వాయించే డీజేలకి దీన్ని సిఫారసు చేయం. వాళ్లు చెవి అచ్చు తీయించి, 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లు మార్చుకునే కస్టమ్ ప్లగ్‌లు చేయించుకోవాలి. ఖర్చు చాలా ఎక్కువే, కానీ గంటల తరబడి నొప్పి ఉండదు. దీని మూడు గొడుగులు మూడు నాలుగు గంటలయ్యాక కొందరి చెవుల్లో ఒరుసుకుంటాయి, దురద పెడతాయి. ఇదే దీని అసలు లోపం.

తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకండి, లోపల గాలి పీల్చినట్టయి కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది. మెల్లగా తిప్పి సీల్ విడిపించి తీయండి. ఇంటికి వచ్చాక టిప్ మాత్రం ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగండి. ఫిల్టర్‌కి నీళ్లు తగలకూడదు. పూర్తిగా ఆరకముందు డబ్బాలో పెట్టొద్దు. గొడుగుల అంచు గట్టిపడినా, ముడతపడినా సీల్ నిలవదు. అప్పుడు టిప్ ఒక్కటి మారిస్తే చాలు, ప్లగ్ పారేయక్కర్లేదు.